ఎర్రర్ ఆగింది సరే, ఎటు పోయింది?

మొన్న శనివారం రాత్రి పదింటికి, మా పాత టీమ్‌లో పనిచేసిన కుర్రాడొకడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. నల్లటి తెర మీద ఎర్రగా ఒకే వరుస: "క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు కాన్‌ఫ్లిక్ట్ విత్ రికవరీ". అంటే, కొత్త మార్పులు ఎక్కించుకోవడానికి అడ్డొస్తోందని నడుస్తున్న పనిని రద్దు చేస్తున్నానని. దాని కింద అతని ప్రశ్న. "అక్కా, స్టాండ్‌బై మీద పీజీ డంప్ మధ్యలో పడిపోతోంది. ఏ పారామీటర్ ఎంత పెట్టమంటారు?" స్టాండ్‌బై అంటే అసలు డేటాబేస్ సర్వర్ (ప్రైమరీ) మార్పుల్ని వెంటవెంటనే తనలోనూ ఎక్కించుకునే నకలు సర్వర్, రెప్లికా అన్నా అదే. పీజీ డంప్ అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నదంతా ఒక ఫైలుగా ఎత్తిరాసే బ్యాకప్ కమాండ్.

ఈ ప్రశ్న నేనూ ఒకప్పుడు అడిగాను. రెండు నిమిషాల్లో జవాబు దొరికింది, పెట్టేశాను, ఎర్రర్ ఆగిపోయింది. ఆ రెండు నిమిషాల జవాబు తర్వాత నా కొంప ఎలా ముంచిందో చెప్పాలంటే వాట్సాప్ చాలదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెప్లికా మీద బ్యాకప్ తీస్తుంటే వచ్చే ఎర్రర్లలో చాలావాటిని మనం సెట్టింగ్ సమస్యగా చూస్తాం. నిజానికి ఒకే సర్వర్‌కి రెండు పనులు అప్పజెప్పి, రెండిట్లో ఏది ముఖ్యమో చెప్పకుండా వదిలేశాం. సర్వర్ అదే అడుగుతోంది. దానికి జవాబు చెప్పకుండా పారామీటర్ మారిస్తే ఎర్రర్ పోదు, ఇంకో చోటికి జరుగుతుంది. అలా జరిగే చోటు సాధారణంగా ఎవరూ చూడనిదై ఉంటుంది.

ఆదివారం ఫైలు

అప్పట్లో విజయవాడలో మందుల హోల్‌సేల్ చేసే ఒక సంస్థకి డేటాబేస్ చూసేదాన్ని. రెండు సర్వర్లు, పోస్ట్‌గ్రెస్. ప్రైమరీ మీద బిల్లింగ్, స్టాండ్‌బై మీద రిపోర్టులు. రాత్రి ఒంటిగంటకి స్టాండ్‌బై మీదే డంప్. ప్రైమరీని ముట్టుకోకూడదన్నది అప్పటి నా పట్టుదల. ప్రైమరీ మీద బ్యాకప్ తీసేవాళ్లని చూస్తే నాకు పల్లెటూరి బైతుల్లా కనిపించేవాళ్లు.

డంప్ వారానికి నాలుగైదు రాత్రులు పడిపోయేది. మొదట మ్యాక్స్ స్టాండ్‌బై స్ట్రీమింగ్ డిలేని మైనస్ ఒకటి చేశాను. అంటే డంప్ అయ్యేదాకా కొత్త మార్పులు ఎక్కించకుండా ఎంతసేపైనా ఆగమని. డంప్ శుభ్రంగా పూర్తయింది. కానీ గోడౌన్‌లో తెల్లవారుజామున తీసే డిస్పాచ్ లిస్టు ఆ స్టాండ్‌బై మీదే నడుస్తుంది. అది ఇంకా రాత్రి ఒంటిగంట దగ్గరే ఉంది. ఆ తర్వాత నమోదైన ఆర్డర్లు లిస్టులో లేవు. ఫోన్ నాకు రాలేదు, మా మేనేజర్‌కి వెళ్లింది. అది ఇంకా ఘోరం.

తర్వాత హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్ చేశాను. ఇప్పుడు స్టాండ్‌బై "నాకు ఈ పాత వరుసలు ఇంకా కావాలి, తుడవకు" అని ప్రైమరీకి చెబుతుంది. ప్రైమరీ తుడవడం ఆపేసింది. రోజంతా అప్‌డేట్లు పడే స్టాక్ టేబుల్ ఉబ్బడం మొదలైంది. ప్రైమరీని ముట్టుకోకూడదని శపథం చేసినదాన్ని, దూరం నుంచి దాని పీక పట్టుకున్నాను. వ్యాక్యూమ్ (పనికిరాని పాత వరుసల్ని తుడిచే పని) విషయంలో ఫీడ్‌బ్యాక్ ఆన్ చేసి స్టాండ్‌బై మీద డంప్ తీయడానికీ, నేరుగా ప్రైమరీ మీద తీయడానికీ పెద్ద తేడా లేదన్న సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

చివరికి ఫీడ్‌బ్యాక్ తీసేసి డిలే పది నిమిషాలు పెట్టి, స్క్రిప్ట్‌ని తిరగరాశాను. ఫెయిలైతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని లూప్ పెట్టాను. రాత్రంతా క్రాన్ (వేళకి పనులు నడిపే ప్రోగ్రామ్) నుంచి మెయిళ్లు వచ్చి నిద్ర పాడవుతోందని, ఎర్రర్ అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక లాగ్ ఫైలుకి మళ్లించాను. పొద్దున్నే ఒకే ఒక్క మెయిల్: "బ్యాకప్ సక్సెస్". రెండు నెలలు అదే మెయిల్. టీమ్ మీటింగ్‌లో చప్పట్లు కూడా కొట్టారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం డెవలపర్ ఒకతను పేమెంట్స్ టేబుల్ మీద డిలీట్ నడిపాడు. వేర్ కండిషన్ (ఏ వరుసలు తుడవాలో చెప్పే షరతు) ఉంది, కానీ తప్పు కండిషన్. స్టాండ్‌బై తన పని తాను నిజాయితీగా చేసింది, సెకను తిరక్కుండా అక్కడా తుడిచేసింది. పర్వాలేదు, గురువారం రాత్రి డంప్ ఉందిగా అన్నాను. ఆ ధీమాతో టీ కూడా తాగి వచ్చాను.

గురువారం ఫైలుని వేరే మెషీన్ మీద రీస్టోర్ చేశాం. పేమెంట్స్ టేబుల్ ఉంది. అందులో వరుసలు సున్నా.

ఫైలుని విప్పి చివరికి వెళ్లి చూశాను. ఆర్డర్స్ టేబుల్ మధ్యలో, ఎవరిదో 1,240 రూపాయల ఆర్డర్ దగ్గర ఫైలు అయిపోయింది. పీజీ డంప్ ముందు టేబుళ్ల నిర్మాణమంతా రాస్తుంది. తర్వాత పేర్ల వరసలో డేటా, ఆఖర్న ఇండెక్సులు. ఇంగ్లిష్ అక్షరం ఓ (ఆర్డర్స్) దగ్గర తెగింది కాబట్టి పీ (పేమెంట్స్) దాకా రాలేదు. కస్టమర్లున్నారు, ఇన్వాయిస్‌లున్నాయి, ఆర్డర్లు సగం ఉన్నాయి. పేమెంట్స్, రిసీట్స్, స్టాక్ అన్నీ పేరుకి ఉన్నాయి, లోపల ఏమీ లేదు.

బుధవారం ఫైలూ అంతే. మంగళవారం, సోమవారం కూడా. ఆదివారం రాత్రి ఫైలు ఒక్కటే నిండుగా ఉంది. ఆదివారం షాపులుండవు, ఆర్డర్లుండవు, గొడవ పడటానికి వ్యాక్యూమ్‌కి పనే ఉండదు. సైజు చూసినా తెలిసిపోయేది: ఆదివారానిది 6 జీబీ, మిగతావి రెండూ రెండున్నర. ఆ డైరెక్టరీలో నేను ఎల్ఎస్ కొట్టి (ఫైళ్ల జాబితా చూసి) రెండు నెలలైంది.

మరి సక్సెస్ మెయిల్ ఎలా వచ్చింది? నా స్క్రిప్ట్‌లో పీజీ డంప్ అవుట్‌పుట్ పైప్ ద్వారా (ఒక కమాండ్ రాసేది నేరుగా ఇంకోదానికి అందించే దారి) జీజిప్ అనే కుదింపు కమాండ్‌కి వెళ్తుంది. బ్యాష్‌లో పైప్‌లైన్ ఎగ్జిట్ కోడ్ (పనైందో లేదో చెప్పే అంకె, సున్నా అంటే సక్సెస్) అంటే, వేరేగా చెప్పకపోతే, ఆఖరి కమాండ్‌ది. డంప్ చచ్చిపోయింది. జీజిప్ మాత్రం తనకి అందినంతవరకూ చక్కగా కుదించి, ఫైలు మూసి, సున్నా ఇచ్చింది. పైప్‌ఫెయిల్ అని ఒక్క వరుస రాస్తే చాలు. రాయలేదు. నేను అంత ముచ్చటపడి రాసిన రీట్రై లూప్ ఆ రెండు నెలల్లో ఒక్కసారి కూడా తిరగలేదు.

చిట్టా, ఆవర్జా

సోమవారం నుంచి శుక్రవారం దాకా పేమెంట్లు మళ్లీ ఎక్కించాల్సింది అకౌంట్స్‌వాళ్లు. శని, ఆదివారాలు రెండూ కూర్చున్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, రసీదు పుస్తకాలు బల్లనిండా పరిచి ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ. నేనూ వాళ్లతోనే కూర్చున్నాను, చేసిన పాపానికి. అక్కడ అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు. కంప్యూటర్లు రాకముందు నుంచీ ఆ కంపెనీ లెక్కలు రాసినాయన. సాయంత్రం కాఫీ దగ్గర నెమ్మదిగా అన్నారు:

"చూడమ్మా, చిట్టా భద్రంగా ఉంటే మా ఆవర్జా తగలబడినా మళ్లీ రాసుకునేవాళ్లం. మీ కంప్యూటర్లో చిట్టా ఉండదా?"

"ఉంటుందండీ. మేం రోజూ పారేస్తున్నాం."

ఆయన నవ్వలేదు. నాకు మాత్రం పదేళ్ల చదువు ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నట్టనిపించింది. పోస్ట్‌గ్రెస్ రాసుకునే వాల్ (రైట్ అహెడ్ లాగ్) ఫైళ్లంటే చిట్టానే. ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో వరసగా పడుతుంది, తర్వాతే ఆవర్జాలో ఖాతాలవారీగా ఎక్కుతుంది. స్టాండ్‌బై అంటే అదే చిట్టా చూసి పక్కగదిలో రెండో ఆవర్జా రాసే గుమాస్తా. చిట్టాలో "ఈ ఖాతా కొట్టేయి" అని ఉంటే ఆయనా కొట్టేస్తాడు, ఎందుకని అడగడు. మేం చిట్టాని దాచకుండా, ఇద్దరు గుమాస్తాలున్నారు కదా అని నిశ్చింతగా ఉన్నాం.

నాకు వచ్చిన ఎర్రర్ కూడా ఆ గదిలోనే పుట్టింది. గుమాస్తా ఆవర్జా రాస్తుండగా నేను వెళ్లి, అదే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఎత్తిరాసుకుంటున్నాను. నేను మొదలుపెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే నాకు చివరిదాకా కనిపించాలి. ఈలోగా చిట్టాలో "ఫలానా పేజీ తుడిచెయ్" అని వచ్చింది. తుడిస్తే నా నకలు పాడు, తుడవకపోతే ఆయన పని వెనకబడుతుంది. మామూలుగా 30 సెకన్లు ఆగి నన్ను బయటికి పంపేస్తాడు. ఆ 30 సెకన్లు నా డంప్‌కి ఇచ్చిన గడువని చాలాకాలం అనుకున్నాను. కాదు, చిట్టా అందినప్పటి నుంచి దాన్ని ఎక్కించడానికి అతనికున్న గడువు. అప్పటికే వెనకబడి ఉంటే నాకు 30 సెకన్లు కూడా దక్కవు.

ఇక్కడ ఏ పారామీటర్ మార్చినా ఎవరో ఒకరు ఆగాలి. నేనో, గుమాస్తానో, ప్రైమరీయో. ఎవరు ఆగాలో తేల్చాల్సింది కంపెనీ అవసరాలు తెలిసిన మనుషులు. నేను ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. గోడౌన్ లిస్టు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అది చెడిపోయాకే తెలిసింది.

నాకంటే పెద్దవాళ్లు

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనమైతే రాసేదాన్ని కాదేమో. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్‌కి జరిగింది మనవాళ్లలో చాలామందికి తెలుసు. తప్పు సర్వర్ మీద ఫైళ్లు తుడిచే ఆర్ఎం కమాండ్ కొట్టారు, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది, ఆ కథ. వాళ్లే బయటపెట్టిన పోస్ట్‌మార్టమ్‌ని నేను ఏడాదికోసారి చదువుతాను. అందరూ ఆర్ఎం దగ్గర ఆగిపోతారు. నాకు దానికి ముందు గంటలే ఎక్కువ ఆసక్తి.

ఆ రాత్రి సెకండరీ (స్టాండ్‌బైకే ఇంకో పేరు) వెనకబడింది. దానికి కావాల్సిన వాల్ ఫైళ్లని ప్రైమరీ అప్పటికే తీసేసింది, ఆర్కైవ్ లేదు (పెద్దాయన మాటలో చిట్టా పారేశారు). కాబట్టి సెకండరీని మొదటి నుంచి కట్టాలి. పీజీ బేస్‌బ్యాకప్ (ప్రైమరీ ఫైళ్లన్నీ నకలు తీసే కమాండ్) నడిపితే వాల్ సెండర్లు (వాల్ పంపే ప్రాసెస్‌లు) చాలవని ఎర్రర్. మ్యాక్స్ వాల్ సెండర్స్ 3 నుంచి 32కి పెంచారు. రీస్టార్ట్ చేస్తే సెమఫోర్లు (ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కపెట్టి ఇచ్చే ఒక వనరు) ఎక్కువయ్యాయని పోస్ట్‌గ్రెస్ లేవనంది. మ్యాక్స్ కనెక్షన్స్ 8000 నుంచి 2000కి తగ్గించారు. లేచింది. ఇప్పుడు బేస్‌బ్యాకప్ ఎర్రర్ ఇవ్వకుండా, ఒక్క ముక్కా మాట్లాడకుండా అలా ఉండిపోయింది. నిజానికి అది ప్రైమరీ డేటా పంపడం మొదలుపెట్టేదాకా ఎదురుచూస్తోంది. డైరెక్టరీలో ఏదో మిగిలిపోయి ఉంటుందనుకుని ఖాళీ చేయబోయారు. ఖాళీ చేసింది ప్రైమరీని.

ఆ వరస చూడండి. ఎర్రర్, సెట్టింగ్, ఎర్రర్, సెట్టింగ్, మౌనం. ప్రతి అడుగూ విడిగా చూస్తే సబబే. అర్ధరాత్రి అలసటలో నేనూ అవే అడుగులు వేసేదాన్ని.

బ్యాకప్‌ల సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. రోజూ తీయాల్సిన పీజీ డంప్ 9.2 వెర్షన్‌తో నడుస్తోంది, డేటాబేస్ ఏమో 9.6. డంప్ ప్రతిరోజూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయేది. ఎర్రర్ మెయిల్ కూడా వెళ్లేది. కానీ ఆ క్రాన్ మెయిళ్లకి డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ సంస్థదేనా అని తేల్చే ఏర్పాటు) సరిగ్గా లేదని అవతలి సర్వర్ తిప్పికొట్టేది. డంప్ గొంతు చించుకుని అరుస్తూనే ఉంది పాపం. చివరికి వాళ్లని కాపాడింది, ఒక ఇంజనీర్ వేరే పని మీద ఆరుగంటల ముందు చేత్తో తీసుకున్న ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో అలా పట్టిన నకలు). అయినా ఆ ఆరుగంటల్లోవి సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 మంది యూజర్ల ఖాతాలు పోయాయి. కమాండ్ కొట్టినతన్ని బలిపశువుని చేయకుండా అన్నీ రాసి పెట్టినందుకు వాళ్లంటే నాకు గౌరవం. మన ఆఫీసుల్లో అయితే ముందు పేరు బయటికొచ్చేది, కారణం తర్వాత.

పచ్చగా ఉన్న జాబ్

ఇదంతా పోస్ట్‌గ్రెస్ గోల అనుకునేవాళ్లకి ఒక మాట. ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) చూసే స్నేహితురాలు చెప్పింది. ఆల్వేస్ ఆన్ అనే దాని రెప్లికాల ఏర్పాటులో బ్యాకప్ ప్రిఫరెన్స్‌ని "సెకండరీ ఓన్లీ" అని పెట్టారు. అది సెట్టింగే కానీ కాపలాదారు కాదు. జాబ్ స్క్రిప్టే ప్రతిసారీ "బ్యాకప్ తీయాల్సింది నేనేనా?" అని ఫంక్షన్‌ని అడిగి, కాదంటే పక్కకి తప్పుకోవాలి. సెకండరీ పడిపోయిన రోజు ప్రైమరీ మీద జాబ్ లేచింది, అడిగింది, "నువ్వు కాదు" అని జవాబొచ్చింది, మర్యాదగా ముగిసింది. డ్యాష్‌బోర్డులో ఆకుపచ్చ టిక్. లాగ్ బ్యాకప్ లేదు కాబట్టి లాగ్ ఫైలు తెగ పెరిగి, డిస్క్ నిండి, అప్పుడు ఫోన్లు మోగాయి. ఇక్కడ ఎర్రరే లేదు. అన్నీ చెప్పినట్టే చేశాయి.

అయినా అనుమానాలున్నాయి

నా వాదనకి అడ్డొచ్చేవి నాకే కనిపిస్తున్నాయి. అర్ధరాత్రి రెండింటికి పేజర్ మోగితే "ఈ సర్వర్ ధర్మమేమిటి" అని ఆలోచిస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? రీట్రై చేసి పడుకుంటాం. ఒప్పుకుంటాను. రీట్రైతో నాకు పేచీ లేదు, కానీ ఎన్నోసారికి పూర్తయిందో పొద్దున్న మెయిల్లో కనిపించాలి. మొన్నటిదాకా మొదటిసారికే అయ్యేది ఇప్పుడు మూడోసారికి అవుతుంటే అది వార్తే.

రెండోది డబ్బు. బ్యాకప్‌కి విడిగా ఒక స్టాండ్‌బై పెడితే చాలా గొడవలు పోతాయి. మా మేనేజర్ అప్పట్లో అన్నమాట: "ఉన్న స్టాండ్‌బై ఖాళీగా కూర్చోడానికా కొన్నాం?" ఆయన తప్పేమీ అనలేదు. చిన్న కంపెనీకి మూడో సర్వర్ అంటే ఒక మనిషి జీతం. నేనిప్పుడు చెప్పేది నా పాత పట్టుదలకి పూర్తి వ్యతిరేకం: డేటాబేస్ చిన్నదై, రాత్రి రద్దీ లేకపోతే ప్రైమరీ మీదే డంప్ తీసేయండి. కాన్‌ఫ్లిక్ట్ అన్న మాటే ఉండదు. పల్లెటూరి బైతుల వరసలో ఇప్పుడు నేనూ ఉన్నాను.

పెద్దదైతే అసలు బ్యాకప్‌గా డంప్‌ని నమ్ముకోకూడదనే నా లెక్క. ఫైళ్ల స్థాయిలో బేస్ బ్యాకప్, దాంతోపాటు వాల్ ఆర్కైవ్. స్టాండ్‌బై మీద బేస్ బ్యాకప్ తీస్తే ఈ వరుసల కొట్లాట ఉండదు, అది క్వెరీ కాదు కాబట్టి. దాని తలనొప్పులు దానికున్నాయి. మధ్యలో స్టాండ్‌బైని ప్రమోట్ చేస్తే (ప్రైమరీగా మారిస్తే) ఆ బ్యాకప్ చెల్లదు. పైగా ఫైళ్లని ఉన్నవున్నట్టు ఎత్తేస్తుంది కాబట్టి, చెక్‌సమ్‌లు (పేజీ చెడితే పట్టిచ్చే గుర్తులు) ఆన్‌లో లేనప్పుడు పాడైన పేజీ ఉంటే అదీ భద్రంగా వచ్చేస్తుంది. డంప్ ప్రతి వరుసనీ చదువుతుంది కాబట్టి అలాంటప్పుడు అది బయటపడే అవకాశం దాంట్లోనే ఎక్కువ. అందుకే డంప్‌ని పూర్తిగా వదల్లేకపోతున్నాను. వారానికోసారి, స్టాండ్‌బైలో రీప్లేని (చిట్టా చూసి ఎక్కించే పనిని) మనమే ఆపి, డంప్ తీసి, మళ్లీ వదులుతాను. ఆపడం కన్నా వదలడం మర్చిపోవడమే ప్రమాదం. డంప్ మధ్యలో చస్తే స్క్రిప్ట్ కూడా అక్కడే చస్తుంది, స్టాండ్‌బై అలా ఆగిపోయి ఉంటుంది. వచ్చిన వాల్ అంతా దాని డిస్క్‌లో పేరుకుంటుంది. అది నిండితే అందుకోవడం మానేస్తుంది. స్లాట్ (స్టాండ్‌బై అందుకోని వాల్‌ని ప్రైమరీ తుడవకుండా ఉంచే ఏర్పాటు) ఉంటే అప్పుడు ప్రైమరీ డిస్క్ నిండడం మొదలవుతుంది. బ్యాకప్ ఎర్రర్ ఒకటి చివరికి బిల్లింగ్‌ని ఆపేస్తుంది. అందుకని స్క్రిప్ట్ ఎలా ముగిసినా రీప్లే వదిలేలా ట్రాప్ (స్క్రిప్ట్ ముగిసేటప్పుడు నడిచే ముక్క) పెట్టాను. ఆ ట్రాప్ పనిచేస్తుందో లేదో చూడటానికి ఒకసారి డంప్‌ని కావాలనే చంపాను. అది చేసిన రోజు నాకున్న టెన్షన్ ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా లేదు.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి

ఏ పారామీటర్ ఎంత పెట్టాలో అతనికి చెప్పలేదు. మూడు ప్రశ్నలు పంపాను. ఆ స్టాండ్‌బై మీద ఇంకేం నడుస్తున్నాయి? స్క్రిప్ట్‌లో పైప్ ఉందా? చివరిగా పూర్తయిన డంప్‌ని విప్పి ఆఖరి కొన్ని వరుసల్లో "డేటాబేస్ డంప్ కంప్లీట్" అని ఉందేమో చూడు.

ఇరవై నిమిషాలకి జవాబొచ్చింది. "ఆ లైన్ ఉందక్కా. పైప్ లేదు, ఫెయిలైతే సగం ఫైలుని స్క్రిప్టే తీసేస్తోంది. కాకపోతే..."

టైపింగ్, టైపింగ్ అని చాలాసేపు కనిపించింది.

"ఈ ఫైలు తేదీ పోయిన నెల పన్నెండు."

మరి ఫెయిలైన మెయిళ్లు ఇన్నాళ్లూ ఎవరికి వెళ్తున్నాయని అడిగాను.

"నాకంటే ముందు ఇది చూసినాయనకి అక్కా. ఆయన మానేసి రెండు నెలలైంది."